అదురు ఎక్కడ పుడుతుంది?

శ్రీశైలం జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల దగ్గర ఆ రోజుల్లో బోటుకు ఏ అడ్డూ ఉండదు. ఎండలు ముదిరి నీళ్లు దిగుతుంటే ఆవలి ఒడ్డున సంగమేశ్వరం గుడి మెల్లగా బయటపడుతుంది. ముంపులో పోయిన పాత చెట్ల మొద్దులు, రాళ్లు, మొండిగోడలు కూడా దానితోపాటే పైకి వస్తాయి. పూర్తిగా బయటపడ్డ రాయితో బోటుకు పేచీ లేదు. రెండడుగుల నీళ్ల కింద దాగిన రాయే ఫ్యానుకు తగులుతుంది. ఇక్కడ చెప్పే ఫ్యాను అంటే ప్రొపెల్లరు. ఒక్కసారి తగిలితే చాలు, ఆ పూట నుంచి బోటు అదరడం మొదలవుతుంది.

అదురు ఎక్కడ పుట్టిందో కనిపెట్టే పనిని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. లెక్క తేలికగా అర్థం కావడానికి ఒక పాత బోటును ఊహిద్దాం. లోపల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిను, దాని వెనక 2:1 గేర్ బాక్సు, అక్కడి నుంచి బోటు అడుగును చీల్చుకుని బయటికి పోయే 50 మిల్లీమీటర్ల షాఫ్టు, చివర మూడు రెక్కల ఫ్యాను. ఇంజిను రెండు చుట్లు తిరిగితే ఫ్యాను ఒక చుట్టు తిరుగుతుంది.

మంచి మెకానిక్కు ముందు పానా పట్టడు. డ్రైవరును కూర్చోబెట్టి అడుగుతాడు. “ఎప్పటిసంది అదురుతుందన్నా? ఖాళీగున్నప్పుడా, జనం ఎక్కినంకనా? రేసు ఇస్తే పెరుగుతుందా, ఒక్క కాడనే కొడుతుందా? రివర్సుల ఎట్లుంది?” వచ్చే జవాబులను బట్టి దారులు విడిపోతాయి. ఒక్కరోజులో మొదలైన అదురైతే ఏదో తగిలి ఉంటుంది, లేదా చుట్టుకుని ఉంటుంది. నెలల తరబడి పెరుగుతూ వచ్చిందంటే అరుగుదల. ఒకే వేగం దగ్గర కొట్టి, దాటగానే తగ్గిపోతే ఇంజిను కింది రబ్బర్లో, దాన్ని మోసే దూలాలో ఆ వేగానికి ఊగుతున్నాయన్నమాట. వేగంతోపాటు పెరుగుతూనే పోతే తిరిగే వస్తువుల్లో ఏదో ఒకటి వంకరగానో బరువు తప్పో ఉంది.

తర్వాత నీళ్ల మీద పరీక్ష. ఇంజినును పదిహేను నిమిషాలు వేడెక్కనిస్తారు. కూలింగ్ నీళ్ల ముల్లు 75 నుంచి 85 డిగ్రీల మధ్య నిలబడ్డాకే లెక్క మొదలవుతుంది, ఎందుకంటే చల్లటి డీజిల్ ఇంజిను ఎలాగూ కొంత కొట్టుకుంటుంది. పాత బోట్లలో ఆర్‌పీఎం మీటరు పనిచేయడం అరుదు. చేతిలో పట్టే డిజిటల్ మీటరు వెయ్యి, పదిహేను వందల రూపాయలకు దొరుకుతుంది. ముందున్న పుల్లీ మీద మెరిసే పట్టీ ఒక ముక్క అతికించి, మీటరు వెలుగును దాని మీద పడేస్తే వేగం కనిపిస్తుంది. 800, 1000, 1200, 1500, 1800 దగ్గర ఒక్కో నిమిషం ఆగి, ఇంజిను మీద, గేర్ బాక్సు మీద, షాఫ్టు బయటికి పోయే గ్లాండు దగ్గర, వెనక గడప మీద చెయ్యి పెట్టి చూసి రాసుకుంటారు. అరగంట పరుగుకు ఐదారు లీటర్ల డీజిల్ పోతుంది. లీటరు సుమారు వంద రూపాయల లెక్కన ఐదారు వందల ఖర్చు. మొత్తం పనిలో ఇంత విలువైన ఖర్చు ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు లెక్క. ఇంజిను 1800 మీద ఉంటే సెకనుకు 30 చుట్లు. షాఫ్టు దానిలో సగం, సెకనుకు 15 చుట్లు. షాఫ్టు వంగినా, ఫ్యాను ఒక రెక్క బరువు తగ్గినా, చుట్టుకు ఒక దెబ్బ, అంటే సెకనుకు 15 దెబ్బలు. మూడు రెక్కలూ బోటు అడుగుకు మరీ దగ్గరగా తిరుగుతుంటే రెక్కకొక దెబ్బ, సెకనుకు 45. అది చేతికి అదురుగా కాకుండా చెవికి బొంగురు మోతగా తెలుస్తుంది. ఇంజినులో నాలుగు సిలిండర్లూ సరిగా కొడితే సెకనుకు 60 పేలుళ్లు. అయితే నాలుగిట్లో ఒకటి కొట్టకపోతే? ఫోర్‌స్ట్రోక్ ఇంజినులో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. కాబట్టి ఆ లోటు సెకనుకు 15 సార్లు తెలుస్తుంది. షాఫ్టు దెబ్బ 15, చచ్చిన సిలిండరు దెబ్బా 15. 2:1 గేర్ బాక్సున్న బోటులో ఈ రెండూ చేతికి ఒకేలా తగులుతాయి. బాగున్న ఫ్యానును ఊడదీసి, బాగున్న షాఫ్టును లేత్ షాపు దాకా మోసుకుపోయి, తిరిగి బిగించాక అదురు అలాగే ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే. ముందు ఇంజిను సంగతి తేల్చుకోవాలి.

అందుకు న్యూట్రల్ పరీక్ష. బోటును రేవుకు కట్టి, గేరు తీసేసి, అవే వేగాల దగ్గర మళ్లీ చెయ్యి పెట్టి చూస్తారు. షాఫ్టు తిరగడం లేదు గనుక ఇప్పుడూ అదురుంటే తప్పు ఇంజినుదే. న్యూట్రల్‌లో పోయిందని మాత్రం ఇంజినును పూర్తిగా వదిలేయకూడదు. నీరసంగా ఉన్న సిలిండరు బరువు లేనప్పుడు బయటపడదు. అందుకని గట్టి తాళ్లతో కట్టి, గేరు వేసి, కొంచెం రేసు మీద ఉంచి, ఇంజెక్టరు పైపు నట్లను ఒక్కొక్కటే అర చుట్టు వదులు చేస్తారు. బాగా కొట్టే సిలిండరు నట్టు వదులైతే ఇంజిను గొంతు వెంటనే పడిపోతుంది. వదులు చేసినా ఏ తేడా రాకపోతే పనిచేయనిది అదే. ఆ పైపులో డీజిల్ చర్మంలోకి దూసుకుపోయేంత ఒత్తిడితో ఉంటుంది. మెకానిక్కు నట్టు మీద మందం గుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టి, పొడుగు పిడి పానాతో చేస్తాడు. చిమ్మే దాని ముందు చెయ్యి అడ్డం పెట్టడు.

ఇంజిను బాగుంటే దాని కాళ్ల వంతు. రబ్బరు మౌంటింగులు ఆయిలు తాగితే ఉబ్బి మెత్తబడతాయి. పలుగు పెట్టి ఇంజినును కాస్త ఎత్తి వదిలితే నాలుగు మూలలూ ఒకేలా లేచి కూర్చోవాలి. ఫౌండేషన్ బోల్టుల తలల మీద చిన్న సుత్తితో తడతారు. బిగువున్న బోల్టు ఖంగుమంటుంది, వదులైంది మందంగా మోగుతుంది. పది నిమిషాల పని.

ఇక బోటు గట్టెక్కుతుంది. మొదట చూసేది నైలాన్ దారం. పుట్టీల్లో తిరిగే జాలర్ల వలల్లో తెగి కొట్టుకొచ్చిన ముక్కలు ఫ్యానుకూ, షాఫ్టును పట్టి ఉంచే బుష్షుకూ మధ్య చుట్టుకుంటాయి. షాఫ్టు తిరిగే వేడికి కరిగి, గట్టి నల్ల కట్టులా బిగిసిపోతాయి. కత్తితో కోసి తీస్తే అదురు అక్కడితోనే పోయే సందర్భాలున్నాయి. ఖర్చు లేని పని గనుకనే అన్నిటికన్నా ముందు చేస్తారు.

దారం లేకపోతే రెక్కలు. బోటు అడుగుకు ఒక పుల్లను గట్టిగా కట్టి, దాని మొన ఒక రెక్క అంచును ముట్టేలా పెడతారు. ఫ్యానును చేత్తో తిప్పుతూ మిగతా రెండు రెక్కలూ అదే మొనను అదే చోట ముడుతున్నాయా చూస్తారు. ఒక రెక్క మూడు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో పోతే అది వంగింది. పగులు కంటికి కనిపించకపోతే కిరసనాయిలు పూసి, కాసేపాగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లుతారు. పగుల్లో దాగిన నూనె సుద్దలోకి ఊరి, సన్నటి తడి గీత తేలుతుంది. మొదలు దగ్గర పగులున్న రెక్కను సరిచేసి వాడకూడదు. నడుమ నదిలో అది ఊడిపోతే మిగిలిన రెండు రెక్కల కొట్టుడుకు గ్లాండే కదిలిపోతుంది.

వంపు తీశాక తూకం. ఫ్యాను బెజ్జంలో నున్నటి కడ్డీ దూర్చి, మట్టం చూసి పెట్టిన రెండు పదునంచుల మీద దాన్ని వదులుతారు. బరువెక్కువున్న రెక్క తనంతట తానే కిందికి దిగుతుంది. ఆ రెక్క వీపు మీద గ్రైండరుతో కొంచెం కొంచెంగా తీస్తూ, ఎటు తిప్పి వదిలినా అక్కడే నిలిచేదాకా చేస్తారు. ఒక గంట పడుతుంది. ఫ్యాను కూర్చునే షాఫ్టు చివర కోసుగా ఉంటుంది. దానికి నీలం రంగు పల్చగా పూసి ఫ్యానును తొడిగి తీస్తే ఎక్కడెక్కడ ముడుతున్నదో అచ్చు పడుతుంది. రంగు ఒక పక్కే అంటితే ఫ్యాను వంకరగా కూర్చుందన్నమాట. వాల్వులు నూరే పేస్టుతో నూరి అన్ని వైపులా అంటేలా చేస్తారు.

ఫ్యాను చేతిలో ఉండగానే బుష్షు కూడా చూస్తారు. లోపల రబ్బరు, రబ్బరులో పొడుగు గాళ్లు, ఆ గాళ్లలో పారే నీళ్లే దానికి గ్రీజు. కృష్ణ ఇసుక ఆ గాళ్లలోంచే పోతుంది గనుక అరుగుతుంది. షాఫ్టు కింద చెక్క పెట్టి ఎత్తితే, 50 మిల్లీమీటర్ల షాఫ్టు రెండు మిల్లీమీటర్లు దాటి లేస్తే బుష్షు మార్చాల్సిందే. అయితే తీసిన బుష్షును పారేయకండి. అది ఎక్కడ అరిగిందో చూడాలి. చుట్టూ సమంగా అరిగితే వయసు వల్ల. ముందు చివర ఒక పక్క, వెనక చివర దాని ఎదురు పక్క అరిగితే ఇంజిను షాఫ్టుతో ఒకే వరుసలో లేదు. అది సరిచేయకుండా కొత్త బుష్షు వేస్తే అదీ ఇలాగే పోతుంది.

షాఫ్టును నాగర్‌కర్నూల్‌లోనో మహబూబ్‌నగర్‌లోనో లేత్ షాపుకు తీసుకెళ్తారు. రెండు చివర్లూ ఆనించి, మధ్యలో డయల్ గేజి పెట్టి మెల్లగా తిప్పుతారు. ముల్లు ఎంత ఆడితే అంత ‘ఔట్’ అంటారు లేత్ పనివాళ్లు. ముల్లు 0.4 మిల్లీమీటర్లు ఆడితే షాఫ్టు నిజంగా వంగింది 0.2 మాత్రమే, ఎందుకంటే గేజి అటు వంపునూ ఇటు వంపునూ కలిపి చూపిస్తుంది. వంపు ఎక్కువున్న చోట సుద్దతో గుర్తు పెట్టి, ప్రెస్సు కింద వేడి చేయకుండా నొక్కుతారు. కొంచెం నొక్కి, వదిలి, కొలిచి, మళ్లీ నొక్కుతారు. లోహం కొంత వెనక్కి తిరుగుతుంది గనుక అది ఎంత తిరుగుతుందో ముందే ఊహించి అంత ఎక్కువ నొక్కాలి. ఈ అంచనా పుస్తకంలో దొరకదు. ముల్లు పదో వంతు మిల్లీమీటరులోపు ఆడేదాకా తీసుకొస్తే షాఫ్టు పనికొచ్చినట్టే.

అన్నీ బిగించి బోటును నీళ్లలోకి దించాక ఒక రోజు ఆగుతారు. గట్టు మీద బోటు అడుగు దిమ్మెల మీద నిలబడుతుంది. నీళ్లలో దాన్ని నీళ్లు మోస్తాయి. ఆకారం మిల్లీమీటర్లలో మారుతుంది, పాత చెక్క బోటైతే ఇంకా ఎక్కువ. ట్యాంకులో మామూలుగా ఉండేంత డీజిల్ పోసి, బల్లలూ లైఫ్ జాకెట్లూ వాటి చోట పెట్టి, మర్నాడు పొద్దున కప్లింగ్ పని మొదలుపెడతారు. గట్టు మీద చేసిన వరుస నీళ్లలో నిలవదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. కప్లింగ్ అంటే గేర్ బాక్సు చివర ఒక చక్రం, షాఫ్టు చివర ఒక చక్రం, రెండూ ముఖాముఖి బోల్టులతో బిగిసేది. బోల్టులు తీసి, షాఫ్టు బరువుకు వాలకుండా కింద ఆసరా పెట్టి, రెండు ముఖాలనూ ముట్టీ ముట్టనట్టు దగ్గరికి తెస్తారు. ఫీలర్ గేజి, అంటే రేకులు కొలత ప్రకారం పేర్చిన చిన్న కట్ట, రెండు మూడు వందలకు దొరుకుతుంది. దాని రేకులను పైన, కింద, కుడి, ఎడమ దూర్చి ఎడం కొలుస్తారు. నాలుగు చోట్ల కొలతల్లో తేడా చక్రం వ్యాసంలో వెయ్యో వంతు మించకూడదు. 125 మిల్లీమీటర్ల చక్రానికి 0.12 మిల్లీమీటర్లు.

తేడా ఎక్కువుందనుకుందాం. తప్పు ఇంజినుదా, షాఫ్టుదా? దీనికి మెకానిక్కు చేసే పని చూడండి. ఇంజిను చక్రాన్ని కదలనివ్వకుండా షాఫ్టు చక్రాన్ని మాత్రం పావు చుట్టు తిప్పి మళ్లీ కొలుస్తాడు. కింద ఉన్న ఎడం కిందనే ఉంటే ఇంజిను వంకరగా కూర్చుంది. ఎడం షాఫ్టుతోపాటు పక్కకు జరిగితే షాఫ్టు వైపు చక్రమే వంకర, అది లేత్ షాపుకు పోవాలి. ఒక పావు చుట్టుతో, చేతిలోని రేకుతో, రెండు పెద్ద అనుమానాలు విడిపోతాయి. వేల రూపాయల యంత్రం తెచ్చినా ఇంతకన్నా సూటిగా చెప్పలేదు.

ఎడం కింద ఎక్కువుంటే ఇంజిను ముందు భాగం ఎత్తుగా ఉన్నట్టు, దాన్ని దించాలి. ఎంత? కింద 0.1 మిల్లీమీటరు ఎక్కువుండి, ముందు వెనక మౌంటింగుల మధ్య మీటరు దూరం ఉంటే, 125కి 0.1 చొప్పున మీటరుకు 0.8. ముందు కాళ్ల కింద నుంచి 0.8 మిల్లీమీటర్ల షిమ్ములు తీయాలి. షిమ్ములంటే ఎత్తు సరిచేయడానికి పెట్టే పలుచటి ఇత్తడి రేకులు. తీశాక ఫౌండేషన్ బోల్టులు బిగించి మళ్లీ కొలుస్తారు, ఎందుకంటే బిగింపే కొలతను మారుస్తుంది. ఓపికగా చేస్తే సగం రోజు. కప్లింగ్ బోల్టులను ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగిస్తారు.

గ్లాండులో పాత ప్యాకింగ్ తీసి కొత్తది వేస్తారు. చమురు పట్టించిన తాడు లాంటి ఆ ప్యాకింగును చుట్టలుగా కోసి, కోత చివరలు ఒకదాని మీద ఒకటి పడకుండా తిప్పి పేర్చుతారు. నడుస్తున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి. అసలే కారకుండా బిగిస్తే షాఫ్టు వేడెక్కి గాడి పడుతుంది. గ్లాండు మీద చెయ్యి నిలవగలిగినంత వెచ్చగా ఉంటే సరి.

పాత స్టెర్న్‌డ్రైవ్ స్పీడు బోటు వస్తే కథలో కొంత భాగం మారుతుంది. ఇంజిను లోపలే, కానీ షాఫ్టు అడుగును చీల్చదు. వెనక గోడలోంచి బయటికి వచ్చి, రెండు లంబకోణాల మలుపులు తిరిగి, నీళ్లలోకి దిగిన కాలు చివర ఫ్యానును తిప్పుతుంది. వోల్వో పెంటా 1959లో ఆక్వామాటిక్ పేరుతో ఈ ఏర్పాటును బజారులోకి తెచ్చింది, మెర్‌క్రూజర్ 1961లో వచ్చింది. కాలు మొత్తం పక్కలకు తిరుగుతుంది, పైకి లేస్తుంది. అందుకని మధ్యలో యూనివర్సల్ జాయింట్లు. లారీ గ్యారేజీలో ఎవరినడిగినా వాటిని ‘క్రాసు’ అంటారు. గుణం అక్కడా ఇక్కడా ఒకటే. కోణంలో తిరిగే క్రాసు చుట్టుకు రెండుసార్లు వేగం తగ్గించి పెంచుతుంది, రెండో క్రాసు ఆ తేడాను సరిచేస్తుంది. ఒకటి తుప్పు పట్టి బిగిసిందా, మలుపు తిప్పినప్పుడు టకటకమంటుంది.

కాబట్టి ఇక్కడ మొదటి ప్రశ్న “సూటిగా పోతే ఎట్లుంది, మలిపితే ఎట్లుంది?” అని. మలుపులో గరగరమంటే క్రాసులో, వాటి ముందుండే గింబల్ బేరింగో. ఆ బేరింగును నీళ్ల నుంచి కాపాడేది మడతల రబ్బరు గొట్టం ఒక్కటే. ఎండకు అది చిట్లితే లోపలికి నీళ్లు చేరి బేరింగు తుప్పు పడుతుంది. కాలు కింది స్క్రూ తీస్తే గేరు ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే సీలు పోయింది. చాలాసార్లు ఫ్యాను వెనక చుట్టుకున్న వల దారమే ఆ సీలును కోసి ఉంటుంది. కాలు ఊడదీశాక అలైన్‌మెంట్ బారు అనే పొడుగు నున్నటి కడ్డీని బేరింగులోంచి ఇంజిను కప్లర్ పళ్లలోకి తోస్తారు. చేతి బలంతో, సుత్తి అవసరం లేకుండా, అది జారిపోవాలి. కొసకు గ్రీజు పూసి తోసి తీస్తే పళ్ల అచ్చు చుట్టూ సమంగా పడాలి. ఒక పక్కే పడితే ముందు మౌంటింగుల నట్లు తిప్పి ఇంజినును ఎత్తడమో దించడమో చేసి మళ్లీ చూస్తారు. చివరికి కాలును బిగించే నట్లు మెర్‌క్రూజర్ ఆల్ఫా రకానికి 68 న్యూటన్ మీటర్లు. టార్క్ పానాతోనే బిగించాలి, అందాజు వద్దు.

ఏ రకమైనా ఆఖరి పరీక్ష ఒకటే. మొదట పరీక్షించిన చోటికే పోయి, అంతే బరువుతో, అవే ఐదు వేగాల దగ్గర మళ్లీ చెయ్యి పెట్టి, పాత కాగితం పక్కన కొత్త కొలతలు రాస్తారు. గంట నడిపాక కప్లింగ్ బోల్టులూ ఫౌండేషన్ బోల్టులూ మళ్లీ ఒకసారి చూస్తారు. గట్టెక్కించడం, లేత్ షాపు, ఒక రోజు ఆగడం, వరుస చూడటం అన్నీ కలిపితే నాలుగైదు రోజుల పని. ఇందులో విడిభాగాల ధర కన్నా చేతి పని విలువే ఎక్కువ. ఆ కూలి దగ్గర బేరమాడటం బోటు యజమానికి లాభం కాదు.

బోటు నడిపే అన్నలకు ఒక్క మాట. అదురు మొదలైన రోజునే రేసు తగ్గించి రేవుకు రండి, జనాన్ని దించండి, గ్లాండు దగ్గర నీళ్లు ఎంత వస్తున్నాయో చూడండి. ఏ వేగం దగ్గర, ఎంత బరువు మీద, ఏ గేరులో మొదలైందో కాగితం మీద రాసి పెట్టుకోండి. మెకానిక్కు రాగానే మొదట అడిగేది అదే.